ఆరు ఆదివారాల వెలుగు

జనవరి 31, బుధవారం

పాస్టరుగారు ఇవాళ నన్ను వెతుక్కుంటూ స్కూలుకే వచ్చారు. నేను ల్యాబ్‌లో కటకాలు తుడిచి పెట్టెలో సర్దుతున్నాను. ఆయన ఒకటి తీసుకుని తన అరచేతి గీతలు చూసుకుని, అవి పెద్దగా కనబడినందుకు సంతోషించి, అప్పుడు అసలు విషయానికి వచ్చారు. యవనస్తుల కూడికకు పిల్లలు తగ్గిపోతున్నారు. వచ్చినవాళ్ళు ఫోన్లలో తల దూర్చి కూర్చుంటున్నారు. ఈ ఆదివారం నుంచి ఆరు వారాలు ‘వెలుగు’ మీద నేను పాఠాలు చెప్పాలట. ప్రసంగాలు వద్దట, పిల్లల చేత చేయించే పనులు కావాలట. ఆఖరి వారం సంఘమంతటి ముందూ వాళ్ళు చేసి చూపించాలి, నేను సాక్ష్యం చెప్పాలి.

అంతమంది చదువుకున్నవాళ్ళుండగా నేనెందుకన్నాను.

"వాళ్ళకి చదువుందమ్మా. మీకు సామానుంది" అన్నారు.

అది మొహమాటానికి అన్న మాట. నా జీవితం అద్దంలాంటిదని ఆయనే విధవరాండ్ర సహవాసంలో రెండుసార్లు అన్నారు. ఆ సహవాసానికి నాలుగేళ్ళుగా కార్యదర్శిని నేను.

ఫిబ్రవరి 2, శుక్రవారం

అన్నయ్య ఫోను. అతను కనిపించాడట.

అతను అంటే అమ్మాయి తండ్రి. అంటే, ఈ సంఘానికి తెలిసినంతవరకు, పదకొండేళ్ళ కిందట కాలం చేసిన నా భర్త.

తాగుడు మానేసి నాలుగేళ్ళయిందట. బస్సు డిపోలో మెకానిక్కుగా కుదురుగా పనిచేసుకుంటున్నాడట. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదట. పిల్లను ఒక్కసారి చూస్తానంటున్నాడట. చనిపోయినవాడు ఎలా చూస్తాడని అడిగాను. శాంతంగానే అడిగాను.

"ఆ కబురు నువ్వు చెప్పిందమ్మలూ. దేవుడు చెప్పింది కాదు" అన్నాడు అన్నయ్య.

నేను అబద్ధం చెప్పలేదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇల్లు చూడ్డానికి వెళితే, మీ ఆయన ఎక్కడని ఇంటావిడ అడిగింది. "లేరు" అన్నాను. ఆ మాటకు ఆవిడ చెప్పుకున్న అర్థానికి నేనేం చేయను? ఆవిడే జాలిపడి అద్దె మాట పక్కన పెట్టి ముందు మంచినీళ్ళిచ్చింది. ఆవిడే నన్ను చర్చికి తీసుకొచ్చి అందరికీ ఆ అర్థమే చెప్పింది. పిల్లకు అప్పుడు నాలుగేళ్ళు. అది అడిగేసరికి ఊరంతా ఒక అర్థం స్థిరపడి ఉంది, నేను కొత్తది ఎందుకు తేవడమని అదే చెప్పాను. ఏటా సంస్మరణ ప్రార్థన చేయిస్తాను. తేదీ కావాలంటే, స్కూలుకు సెలవులుండే వారం చూసి ఒకటి చెప్పాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

మొదటి పాఠం. పది మంది వచ్చారు, మా అమ్మాయితో కలిపి. చర్చి వెనక విరిగిన కుర్చీలు పడేసే గది కిటికీలకు దుప్పట్లు కట్టి చిమ్మచీకటి చేశాను. అందులో ఒకే ఒక కొవ్వొత్తి. ఇంత చీకటి అంత చిన్న దీపాన్ని ఏమీ చేయలేకపోయింది చూశారా అన్నాను. పొడుగాడని అందరూ పిలిచే అబ్బాయి కుర్చీ కోడు తగిలి పడ్డాడు గానీ, మొత్తానికి బాగానే జరిగింది.

వాళ్ళలో ఒక పిల్ల ఉంది. పదమూడేళ్ళు. దేనికైనా "ఎందుకండీ" అంటుంది కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

"వెలుగు అంత మంచిదైతే ప్రార్థనప్పుడు కళ్ళెందుకండీ మూసుకుంటాం?" అంది.

వచ్చేవారం చెబుతానన్నాను. వచ్చేవారానికి మరిచిపోతుందనుకుంటాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

మరిచిపోలేదు.

రెండో పాఠం: వెలుగు దాగినవాటిని బయటపెడుతుంది. తలా ఒక టార్చి ఇచ్చి, హాల్లో ఎవరి కంటా పడనివి వెతకమన్నాను. బూజు, పెన్ను మూతలు, తప్పిపోయిన ఒక చెవిదుద్దు దొరుకుతాయనుకున్నాను. అవన్నీ దొరికాయి. వాటితోపాటు ప్రసంగ వేదిక అడుగు అరలో ఒక పాత ప్రసంగాల పుస్తకం దొరికింది. ‘ఎందుకండీ’ దాన్ని తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. పొద్దున పాస్టరుగారు ఉపవాసముండి ప్రభువు దగ్గర నుంచి పొందానన్న ప్రసంగం అది. ఒంటె గురించిన హాస్యంతో సహా ఉంది. కిందటి వారానిదీ ఉంది. వచ్చేవారానికి పేజీ మడిచి ఉంది.

పిల్లలు నా మొహంలోకి చూశారు. పుస్తకం ఉన్నచోట పెట్టించేశాను. కొన్ని విషయాలు బయటపడకపోవడమే సంఘానికి క్షేమమని చెప్పాను. చెబుతున్నప్పుడే ఇది ఇవాళ్టి పాఠానికి పూర్తి వ్యతిరేకమని తెలిసింది. అప్పటికే మాట సగం దాటింది.

సాయంత్రం పాస్టరుగారు, పాఠాలు చాలా బాగున్నాయని పిల్లలు చెప్పుకుంటున్నారనీ, ఇకనుంచి ఆరుబయట పెడితే గాలి కూడా తగులుతుందనీ అన్నారు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. అంత చదువుకున్న మనిషి, ఇంత చిన్న విషయం దాచుకుని ఎన్నాళ్ళుగా ఎంత అవస్థ పడుతున్నాడో అని జాలేసింది.

ఫిబ్రవరి 14, బుధవారం

అన్నయ్య ఫోను. ఎత్తలేదు. జ్వరంగా ఉందని మెసేజ్ పెట్టాను. గంటలో నిజంగానే కొంచెం తలనొప్పి వచ్చింది, కాబట్టి సరిపోయింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఇవాళ్టి పాఠం పుస్తకంలో రాసుకోదగ్గది. ఏడు అద్దాలు. మొదటివాడు ఎండలో నిలబడి వెలుగును రెండోవాడి అద్దం మీదికి తిప్పాలి, వాడు మూడోవాడి మీదికి, అలా నడవా మలుపులన్నీ తిరిగి చీకటి గదిలో గోడ మీద పడాలి. గంటంబావు పట్టింది. పొడుగాడికి చీమ కుట్టడం వల్ల ఒకసారి చెడింది. చివరికి గదిలో గోడ మీద అరచేయంత వెలుగు పడింది. అద్దాలు లేని పిల్లలు వచ్చి ఆ వెలుగులో చేతులు పెట్టి చూసుకున్నారు.

ఆఖరి అద్దం మా అమ్మాయిది. ఇంటికొచ్చేటప్పుడు, మనవల్ల ఎవరికైనా వెలుగు చేరడమంటే ఇదేనని దానికి మళ్ళీ చెప్పాను. విన్నాను అంది. ఈ మధ్య అది మాటలు పొదుపుగా వాడుతోంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి కదా.

ఫిబ్రవరి 25, ఆదివారం

నాలుగో పాఠం. నిమ్మరసంలో పుల్ల ముంచి తెల్ల కాగితం మీద రాస్తే ఆరాక ఏమీ కనబడదు. ఇస్త్రీపెట్టె వేడి తగిలితే అక్షరాలు గోధుమరంగులో లేచి వస్తాయి. ముందు నేను నా కాగితం మీద ‘వెలుగు’ అని రాసి చేసి చూపించాను. తర్వాత, ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకున్న సంగతి ఒకటి రాయమన్నాను. పేర్లు వద్దు. ఎవరూ చదవరని మాటిచ్చాను. అన్నీ ఒక రేకు డబ్బాలో వేసి, వచ్చేవారం పెరట్లో కాల్చేస్తాం. దేవుడికి తెలిస్తే చాలునని చెప్పాను.

డబ్బా ఇంటికి తెచ్చాను. చర్చిలో పెడితే ఎలుకలు.

ఫిబ్రవరి 26, సోమవారం

నిమ్మరసం అన్ని కాగితాల మీదా సరిగ్గా పట్టిందో లేదో చూడాలి. పాఠం చెప్పినవాళ్ళకు ఆ బాధ్యత ఉంటుంది. అమ్మాయి స్కూలుకు వెళ్ళాక ఇస్త్రీపెట్టె వేడిచేశాను.

బాగా పట్టింది. ఒకరికి పాస్టరుగారి ప్రార్థనలో నిద్ర వస్తుందట. ఒకరు తమ్ముడి సైకిలు తొక్కి విరగ్గొట్టి గాలికి పడిందని చెప్పారట. టీచర్ బాగానే చెబుతారు గానీ ఒక్క మాటే నాలుగుసార్లు చెబుతారని ఒకరు రాశారు. ఇది దాచుకోవాల్సిన రహస్యమా?

ఎనిమిదో కాగితం:

‘మా నాన్న బతికే ఉన్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకి తెలియదు.’

ఫిబ్రవరి 27, మంగళవారం

పొడుగాడి తండ్రి ఓడల మీద పనిచేస్తాడు. ఏడాదికోసారి వస్తాడు. ఆ పిల్లవాడు బెంగ కొద్దీ అలా రాసి ఉండవచ్చు.

‘ఎందుకండీ’ తండ్రి రోజూ చర్చికి వస్తాడు. అయినా ఆ పిల్లకు ఊహలెక్కువ.

ఫిబ్రవరి 28, బుధవారం

ఎనిమిదో కాగితంలో ‘బ’ కింద ఆ తోక నేను నేర్పిందే. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించాను. అప్పుడే సరిచేసి ఉండవలసింది.

మార్చి 1, శుక్రవారం

సాయంత్రం అమ్మాయి ఆరిన బట్టలు మడతపెడుతోంది. నేను మంచం ఇటువైపు కూర్చుని దిండుగలీబులు అందుకున్నాను. ఏదైనా చెప్పాలనుందా అని అడిగాను.

"కాగితాలు ఎవరూ చదవరన్నావు కదమ్మా" అంది.

అంతే. అది నాలుగు బట్టలు మడతపెట్టి, తర్వాత తనే మెల్లగా చెప్పుకొచ్చింది. రెండేళ్ళ కిందట సెలవులకు అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, అన్నయ్య కొత్త ఫోను కొని పాత నంబర్లు ఎక్కించమని దీనికి ఇచ్చాడట. అందులో వాళ్ళ నాన్న పేరుంది. చనిపోయినవాళ్ళ నంబరు ఎవరూ కొత్త ఫోనులోకి ఎక్కించుకోరు కదా అని అడిగిందట. అన్నయ్యకు అబద్ధం చెప్పడం రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. నెలకోసారి నాన్నతో మాట్లాడుతోందట. ఏడాదిన్నరగా.

నేను అతన్ని ఎందుకు గుమ్మం బయట నిలబెట్టి తలుపేశానో తెలుసా అన్నాను. తెలుసంది. అతనే చెప్పాడట. నాలుగేళ్ళ పిల్లను బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని తాగడానికి వెళ్ళి, అక్కడే పడి నిద్రపోయాడు. నేను నాలుగు గంటలు వెతికాను. టికెట్ల గదిలో ఒకావిడ ఒడిలో దొరికింది.

"నాకు గుర్తులేదు నాన్నా అన్నాను. నాకు గుర్తుందమ్మా అన్నాడు."

మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదన్నాను. అది చేతిలో ఉన్న చొక్కా గుండీలన్నీ పెట్టింది.

"సంస్మరణ ప్రార్థనలో నువ్వు ఏడుస్తావు కదా. ఉత్తుత్తిగా కాదు, నిజంగానే ఏడుస్తావు. ఎవరికోసం ఏడుస్తున్నావో అర్థంకాక ఊరుకున్నా."

మార్చి 3, ఆదివారం

ఐదో పాఠం. కాగితాలు కాల్చాం. ‘ఎందుకండీ’ డబ్బాలోకి తొంగిచూసి, అన్నీ గోధుమరంగులో ఉన్నాయేమిటండీ అంది. ఎండకు అన్నాను. మీ రహస్యం ఏదండీ అంది. పెద్దవాళ్ళు రాయనక్కర్లేదన్నాను. మా అమ్మాయి మంటను పుల్లతో కదుపుతూ నిలబడింది, తల ఎత్తలేదు.

కూడిక అయ్యాక సహవాసం అధ్యక్షురాలు పక్కకు పిలిచారు. ఆవిడ రిటైరైన నర్సు, ఎనభైకి దగ్గర పడ్డారు, ఇప్పటికీ ఎవరు ఎదురుపడ్డా ముందు కళ్ళు పసుపుగా ఉన్నాయేమో చూస్తారు. వచ్చే ఆదివారం నా సాక్ష్యం అయిన వెంటనే ఆదర్శ విధవరాలిగా నాకొక ప్రశంసాపత్రం ఇవ్వాలని సహవాసం తీర్మానించిందట. ఆ తీర్మానం మినిట్సు పుస్తకంలోకి ఎక్కించమని నాకే ఇచ్చారు.

ఎక్కించాను. కార్యదర్శిని కదా.

మార్చి 6, బుధవారం

సాక్ష్యం ఏడుసార్లు రాశాను. అన్నింట్లోనూ ‘కొన్ని పరిస్థితుల వల్ల’ అన్న మాట వచ్చింది. ఏడోది అమ్మాయికి చదవమని ఇచ్చాను. అందులో ఇలా ఉంది: ‘కొన్ని పరిస్థితుల వల్ల ఒక అపార్థం ఏర్పడింది. అది కాలక్రమేణా కొనసాగింది.’

"ఇందులో కర్త ఎవరమ్మా?" అంది.

పదో తరగతి పిల్లలకు వ్యాకరణం అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం లేదు.

మార్చి 8, శుక్రవారం

ప్రశంసాపత్రం అచ్చయి వచ్చింది. చుట్టూ ద్రాక్షగుత్తులు. నా పేరులో ఒక్క అక్షరం కూడా తప్పుపోలేదు.

జ్వరమని చెప్పవచ్చు. తలనొప్పి ఎలాగూ ఉంది.

మార్చి 10, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. పిల్లలు అద్దాల పాఠం చేసి చూపించారు. పొడుగాడు కూడా కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను పిలిచారు. మొదటి వరసలో సహవాసం స్త్రీలు పద్నాలుగు మంది, అధ్యక్షురాలి ఒళ్ళో ప్రశంసాపత్రం. రాసుకెళ్ళిన కాగితం తెరిచాను. మొదటి మాట ‘కొన్ని’. కాగితం మడిచేశాను.

"నా భర్త చనిపోలేదు" అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి సంఘ పెద్ద ఒకాయన, "స్తోత్రం" అన్నాడు. ఆయన వెంట నలుగురు. ఆ వెంటనే హాలంతా. అవును, చనిపోలేదు, విశ్వాసికి మరణమెక్కడిది, ప్రభువు దగ్గర సజీవంగా ఉన్నాడు అని పాస్టరుగారు మైకు అందుకుని మరీ చెప్పారు. కీబోర్డు అబ్బాయి మెల్లగా ఒక పాట మొదలుపెట్టాడు. సహవాసం స్త్రీలు కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఇక్కడ ఆపేస్తే అయిపోయేది. నిజం చెప్పినట్టూ ఉండేది, ఎవరికీ తెలియనట్టూ ఉండేది. పదకొండేళ్ళుగా నాకు ఇంతకన్నా వాటంగా ఏదీ అమరలేదు. దేవుడే దారి చూపించాడని కూడా ఒక్క క్షణం అనిపించింది, ఇది మాత్రం ఎవరికీ చెప్పలేను.

మా అమ్మాయి గోడ దగ్గర అద్దం పట్టుకుని నిలబడి ఉంది. అది చప్పట్లు కొట్టడం లేదు, కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తోంది. కోపంగా కాదు. బస్సు వస్తుందా రాదా అని చూసేవాళ్ళలా.

కీబోర్డు ఆపమన్నాను. "పరలోకంలో కాదండీ. బస్సు డిపోలో ఉన్నాడు. మెకానిక్కు" అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. తాగుడు, బస్టాండు, తలుపు, ఇంటావిడ, ‘లేరు’. ప్రార్థన తేదీ ఎలా ఎంచానో కూడా చెప్పాను. అది చెప్పనక్కర్లేదు, కానీ ఒకసారి మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఈ పిల్లలకు ఆరు వారాలు వెలుగు గురించి చెప్పాననీ, వాళ్ళ కాగితాలు చదవనని మాటిచ్చి చదివాననీ చెప్పాను. పిల్లల వరసలో ఎవరో, నేననుకున్నానండీ అన్నారు. ఎవరో రాయనక్కర్లేదు.

స్తోత్రం అని ఎవరూ అనలేదు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేశారు. పొట్టిది. మొదటిసారి పుస్తకంలోది కాదనిపించింది, మధ్యలో రెండుసార్లు తడబడ్డారు.

మార్చి 12, మంగళవారం

ఇంటావిడ మెట్ల మీద ఎదురుపడి తల తిప్పుకుంది. ఆవిడ కోపం న్యాయమే. నాకోసం ఏడ్చిన మొదటి మనిషి ఆవిడ. ముగ్గురు తల్లులు పిల్లల్ని ఇక నా క్లాసుకు పంపేది లేదన్నారట. క్లాసులు అయిపోయాయి కాబట్టి, ఆ మాట మీద నిలబడడం వాళ్ళకు కష్టం కాదు.

పొడుగాడు మాత్రం దారిలో ఆగి, తమ్ముడికి సైకిలు సంగతి చెప్పేశాననీ, బాగా తన్నులు తిన్నాననీ చెప్పాడు. నాకు చాలా బాధ వేసింది. వాడు సంతోషంగానే ఉన్నాడు.

మార్చి 14, గురువారం

అధ్యక్షురాలు ఇంటికి వచ్చారు. మినిట్సు పుస్తకం, సహవాసం ముద్ర, ఇంకు పెట్టె బల్ల మీద సిద్ధంగా పెట్టాను. ఆవిడ కూర్చుని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. నీ తర్వాత ఇంత శుభ్రంగా రాసేవాళ్ళు దొరకరన్నారు. క్షమించమని అడిగాను. పద్నాలుగు మంది దగ్గరా విడివిడిగా అడగమన్నారు, గంపగుత్తగా కుదరదన్నారు. అడుగుతాను. ఆదివారం నుంచి మొదలుపెడతాను.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు.

"మా ఆయన ఉన్నప్పుడు నేనూ చాలాసార్లు పోయాడనే అనుకున్నానే. బయటికి చెప్పలేదు, అంతే తేడా" అన్నారు.

మార్చి 16, శనివారం

అమ్మాయి, నేను రెండు గంటలు బస్సులో కూర్చుని డిపోకి వెళ్ళాం. డిపో పక్క క్యాంటీన్లో అతను మాకన్నా ముందే వచ్చి గోడవైపు బల్ల దగ్గర కూర్చున్నాడు. జుట్టు పల్చబడింది. చేతులు బాగా కడుక్కున్నాడు గానీ గోళ్ళలో నలుపు పోలేదు. పిల్లను చూసి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోవడం మరిచిపోయాడు. అదే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మీరు అనాలో నువ్వు అనాలో తెలియక, నేను ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాను. వాళ్ళిద్దరూ ఏడాదిన్నరగా మాట్లాడుకుంటున్నవాళ్ళు కాబట్టి గేరుపెట్టెల గురించీ, దాని లెక్కల టీచరు గురించీ హాయిగా చెప్పుకుంటున్నారు. కొత్త మనిషిని నేనొక్కదాన్నే.

అమ్మాయి టీ తేవడానికి లేచింది. అతను బల్ల మీద గీత ఒకటి గోటితో గీకుతూ కూర్చున్నాడు. బస్టాండు సంగతి ఎత్తాడు. దానికి క్షమాపణ అడగనన్నాడు, అడిగితే నువ్వు ఇవ్వాల్సి వస్తుందన్నాడు. నిజమే. నేను ఇంకా ఇవ్వలేదు, ఇస్తానో లేదో తెలియదు. ఇక్కడ అబద్ధం రాయడం అనవసరం.

"ఒక్కటి అడగనా?" అన్నాడు తర్వాత. "నేను ఎలా పోయానని చెప్పావు?"

"నిద్రలో. గుండె ఆగి."

"నొప్పి తెలియకుండానా?"

"తెలియకుండానే."

అతని గోరు బల్ల మీద గీత దగ్గర ఆగింది.

"మంచి చావే ఇచ్చావు. అప్పుడు నేనున్న తీరుకి అంత మంచిది నాకు వచ్చేది కాదు."

"పిల్ల భయపడకూడదని అలా చెప్పాను. మీకోసం కాదు" అన్నాను. మీరు అన్నానని తర్వాత తెలిసింది.

అమ్మాయి మూడు గ్లాసులు తొణక్కుండా పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసి, దేని గురించి మాట్లాడుకుంటున్నారంది. అతను నావైపు చూశాడు, నన్ను చెప్పమన్నట్టు.

"మీ నాన్న చావు గురించి" అన్నాను.

అది నవ్వేసింది. టీ కొంచెం బల్ల మీద ఒలికింది. ఆ విషయం మీద మాలో ఒకరు నవ్వడం ఇదే మొదటిసారి. అతను జేబులోంచి గుడ్డ తీసి బల్ల తుడిచాడు. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను గానీ, పూర్తిగా కాదు.